సంగీతం కోర్సులో చేరే ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్‌లో అడ్మిషన్ల సీజన్ మొదలవుతోంది. ఫీజు కట్టేముందు ఒక్క నిమిషం.

• చేరేది డిగ్రీయా, డిప్లొమానా? విద్య రెండుచోట్లా వస్తుంది, ఉద్యోగం దగ్గరే తేడా. యూనివర్సిటీలో పాఠం చెప్పాలని ఉంటే ఎంఏ వరకు వెళ్లే దారి ఉండాలి. నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) రాయడానికి జనరల్ అభ్యర్థులకు పీజీలో 55 శాతం అడుగుతారు. డిప్లొమా ఎంత బాగా పాసైనా అక్కడ పనికిరాదు.

• కచేరీలే లక్ష్యమా? ఆకాశవాణి ఆడిషన్‌కు ఇప్పట్నుంచే సాధన చేయండి. అందులో వచ్చే గ్రేడుందా అని అడిగే సంగీత సభలు ఇంకా ఉన్నాయి.

• ప్రవేశ పరీక్షకు శ్రుతికి ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుంటే ఏరోప్లేన్ మోడ్ వేయండి. సరిగ్గా వర్ణం ఎత్తుకోగానే ‘లోన్ కావాలా సార్’ అని మోగుతుంది!

• మృదంగం వాళ్లు గంట ముందే వెళ్లండి. వానాకాలం చెమ్మకు శ్రుతి దిగిపోతుంది. తొప్పికి (ఎడమవైపు మూతకు) పూసే రవ్వ మర్చిపోవద్దు.