జనరేటరుకు కట్టిన ఆర్‌పీఎం మీటరు అంకెలు గెంతుతుంటే ఎలా సరిచేయాలి?

చిన్న పెట్రోలు జనరేటరు ఒకే శ్రుతిలో నడుస్తున్నా, దానికి కట్టిన, స్పార్కులను లెక్కపెట్టి ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు (ఆర్‌పీఎం) తిరుగుతోందో చూపే మీటరు ఒకసారి 3,000, మరుక్షణం 7,400 చూపిస్తోందంటే, స్పార్కు వెంట పుట్టే విద్యుత్ అలజడిని కూడా అది స్పార్కులుగానే లెక్కపెడుతోందన్నమాట. ఆ అంకెను నమ్మి, ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే గవర్నరు స్ప్రింగును మాత్రం దయచేసి కదపవద్దు. ఇంజను వేగం మారితే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ మారి, తగిలించిన పరికరాలు దెబ్బతింటాయి.

ముందుగా మీటరు సెట్టింగు చూడండి. ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి ఫ్లైవీల్ మీది అయస్కాంతం చుట్టుకొకసారి స్పార్కు పుట్టించే కాయిల్ ముందు నుంచి వెళుతుంది కాబట్టి, రెండు చుట్లకు ఒక స్పార్కే అవసరమైన ఫోర్ స్ట్రోక్ ఇంజను అయినా ప్రతి చుట్టుకూ ఒక స్పార్కు పడుతుంది. మీటరును రెండు చుట్లకు ఒక స్పార్కు అని పెడితే, 3,000 మీద నడిచే ఇంజనుకు అంకె గెంతకుండా నిలకడగా 6,000 చూపిస్తుంది. అది అలజడి కాదు, సెట్టింగు పొరపాటు.

తరువాత ఇంజను ఆపి, చల్లారనిచ్చి, ప్లగ్గు క్యాప్ ఊడదీయండి. అసలు దోషం ఎక్కువగా దొరికేది ఇక్కడే. నేను విప్పిన ఒక క్యాప్ లోపల స్ప్రింగు చిలుము పట్టి ఉంది. ప్లగ్గు పింగాణీ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత నల్లటి గీత కనిపించింది. స్పార్కు లోపల పడకుండా పింగాణీ మీదుగా జారిపోయిన దారి అది. అటువంటి ప్లగ్గును, క్యాప్‌ను తుడిచి వాడకుండా మార్చేయడమే మంచిది. కొత్త ప్లగ్గు రెసిస్టరు రకానిది తీసుకోండి. ఉదాహరణకు ఎన్‌జీకే బీపీ6ఈఎస్ వాడే ఇంజనుకు బీపీఆర్6ఈఎస్ సరిపోతుంది. దానిలోని సుమారు 5 కిలోఓముల నిరోధం అలజడిని పుట్టినచోటే అణచివేస్తుంది. ప్లగ్గు కొన దగ్గర స్పార్కు దూకే గ్యాప్‌ను ఇంజను పుస్తకంలో చెప్పినంతే, సాధారణంగా 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంచండి. గ్యాప్ పెరిగేకొద్దీ స్పార్కుకు కావలసిన వోల్టేజీ, దానితోపాటు అలజడి కూడా పెరుగుతాయి.

ఇక మీటరు వైరును ప్లగ్గు వైరు మీద నాలుగు చుట్లు బిగుతుగా చుట్టి, మిగిలిన పొడవును ప్లగ్గు వైరుకు దూరంగా నడిపించండి. అప్పటికీ అంకె పైకి గెంతితే ఒక్కొక్క చుట్టే తగ్గించండి; పడిపోతుంటే పెంచండి. ఎర్త్ వైరు ఉంటే, రంగు గీకిన లోహానికే బిగించండి.

చివరగా, ఫ్రీక్వెన్సీ చూపే మల్టీమీటరును జాగ్రత్తగా 230 వోల్టుల సాకెట్‌లో పెట్టి సరిపోల్చండి. 3,000 ఆర్‌పీఎం మీద 50 హెర్ట్జ్ ఇచ్చే జనరేటరులో ఒక్కో హెర్ట్జ్‌కు 60 ఆర్‌పీఎం లెక్క. 52 హెర్ట్జ్ ఉంటే మీ మీటరు 3,120 దగ్గరే నిలబడాలి.