అన్నదమ్ముల పంపకాల్లో మధ్యవర్తిగా కూర్చోవాలంటే

ఊరి పెద్దమనిషి రెండు వైపులా విని తీర్పు చెబుతాడు. మధ్యవర్తి తీర్పు చెప్పడు. ఈ పని నేర్చుకునేవాళ్లకు మింగుడుపడని మాట ఇదే. తీర్పు వెలువడిన క్షణం నుంచి ఒకరు ఓడినట్టు లెక్క. ఓడినవాడు పంచాయితీలో తలూపినా, రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టడానికి రాడు. దారి వాళ్లకు వాళ్లే వెతుక్కుంటే ఆ మాట నిలబడే అవకాశం ఎక్కువ.

ఒప్పుకునే ముందు మిమ్మల్ని మీరు చూసుకోండి. ఇద్దరిలో ఒకరికి మీరు బాకీ ఉన్నా, ఆ భూమి మీద మీకు కన్నున్నా తప్పుకోండి. ఒకరి ఇంట్లో భోజనం చేసి రెండో వాళ్ల ఇంటికి వెళ్లినా చాలు, నమ్మకం పోతుంది. ఇంట్లో కొట్టడం, బెదిరించడం జరుగుతుంటే రాజీకి కూర్చోబెట్టకండి. భయపడే మనిషి చెప్పే ‘సరే’ ఒప్పుదల కాదు. ఆడవాళ్లకు 181 నంబరు చెప్పి, రక్షణ సంగతి ముందు చూడండి.

తర్వాత ఎవరెవరు రావాలో రాసుకోండి. ఎక్కువ పంపకాలు ఇక్కడే చెడతాయి. ఆడపిల్లకు పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అని పిలవరు, చివరికి సంతకం కోసం మాత్రం కబురు పెడతారు. పిత్రార్జితంలో కూతురికి వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం వచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. హిందూ కుటుంబంలో తండ్రి తన స్వార్జితం మీద వీలునామా రాయకుండా చనిపోతే భార్యకు, ఆయన తల్లి ఉంటే ఆమెకు, ఒక్కో బిడ్డకు సమాన వాటా. అందుకే ఆడపిల్లను మొదటి రోజే పిలవండి. వాటా వదులుకుంటానంటే అది ఆమె నోటే, ఎవరూ పక్కన లేనప్పుడు వినండి. అల్లుళ్లను, బావమరుదులను మొదటి కూర్చోవడానికి రానివ్వకండి.

అందర్నీ ఒకచోట చేర్చే ముందు ఒక్కొక్కరితో విడిగా, ఒక్కొక్కరికీ సమానంగా, ముప్పావుగంట మాట్లాడండి. మూడు ప్రశ్నలు చాలు: ఏం జరిగింది, ఏం కావాలి, అది ఎందుకు కావాలి. మూడోది అసలు ప్రశ్న. ‘రోడ్డు పక్క ఎకరమే కావాలి’ అన్నది కోరిక. ‘అక్కడ బోరు నా డబ్బుతో వేయించాను’ అన్నది కారణం. కోరికలు ఢీకొన్నా కారణాలకు దారి దొరుకుతుంది. విడిగా చెప్పిన మాట వాళ్ల అనుమతి లేకుండా అవతలివాళ్లకు చేరవేయకండి. ఒక్కసారి జారితే మీ పని అయిపోయినట్టే.

అందరూ కలిసే కూర్చోవడం పొద్దున పెట్టండి. సాయంత్రమైతే అలసట ఉంటుంది, కొందరికి మందు కూడా. గుడి మండపమో, బడి గదో, ఎవరి ఇల్లూ కాని చోటు చూడండి. రెండు గంటలు దాటనివ్వకండి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు కాగితం మీద రాసుకోవాలి తప్ప అడ్డుపడకూడదు. అమెరికాలో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో ఉంటే అతని వంతు ముందు ఇవ్వండి, లేకపోతే వినికిడికే మిగిలిపోతాడు.

మాటలోని ముల్లు తీసి తిరిగి చెప్పడం ఈ విద్యలో గుండెకాయ. ‘వాడు ఆరేళ్ల కౌలు మింగేశాడు’ అని చెల్లెలంటే, మీరు ‘ఆరేళ్ల కౌలు లెక్క చూడాలంటున్నారు, అంతేనా అమ్మా?’ అనండి. నింద పోయి లెక్క మిగులుతుంది. ఇది చదివితే రాదు. ఇద్దరు స్నేహితులను తగవులాడమని చెప్పి ఇరవై నిమిషాలు సాధన చేయండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్, నీళ్ల మోటారు తగాదాలతో మొదలుపెట్టండి. కోర్టు మధ్యవర్తులకు ఇచ్చే శిక్షణ 40 గంటలు.

లెక్కకు వద్దాం. తండ్రి స్వార్జితం నాలుగెకరాలు, వాటాదారులు తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు. తలా ఎకరం. రోడ్డు పక్క ఎకరం 40 లక్షలు, లోపలివి ఒక్కోటి 28 లక్షలు అనుకుందాం. మొత్తం 124 లక్షలు, ఒక్కో వాటా 31. రోడ్డు ఎకరం తీసుకున్నవాళ్లు మిగతా ముగ్గురికీ తలా 3 లక్షలివ్వాలి. ధర మీరు చెప్పకండి. ఇటీవల పక్క పొలాలు ఎంతకు పోయాయో అందరి ముందూ విచారించండి. బోరు ఖర్చు విడిగా తేల్చండి. నీళ్ల వంతు ఎవరికి ఏ రోజు, కరెంటు ఎవరి పేర, ట్రాక్టరు పోయే దారి ఎన్ని అడుగులు అన్నవి ఇప్పుడే రాయకపోతే మొదటి నాట్ల నాటికి మళ్లీ గొడవే. భాగాలు ఇద్దరికే అయితే ఒకరు వేయాలి, రెండోవాళ్లు కోరుకోవాలి. ఎక్కువమంది అయితే చీట్లు.

తల్లి మాట అందరికంటే చివర వింటారు, అది తప్పు. ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. నెలకు ఎంత, ఏ తారీఖున, ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లాలి అన్నది పేర్లతో రాయించండి. ఆమె తన వాటా కొడుక్కి రాసిస్తానంటే, చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. చూడకపోతే 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు.

ఒప్పందం కుదిరిన రోజే చేత్తో రాయండి: సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, డబ్బు, తారీఖులు. అందరూ సంతకం పెట్టాక తలా ఒక కాపీ. ఆ కాగితాన్నే హక్కుపత్రం అనుకుని ఆగిపోకండి, పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించాలి. లేదా మండల న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లొచ్చు. కేసు వేయకముందే తీసుకుంటారు. అక్కడి అవార్డుకు, అంటే రాజీని నమోదు చేసి ఇచ్చే ఉత్తర్వుకు, కోర్టు డిక్రీ బలం ఉంది, అప్పీలు లేదు.

మూడు నాలుగు సార్లు కూర్చున్నా తేలకపోతే, తేలినంతవరకే రాసి ఆపండి. తేలినచోట నెల తర్వాత ఫోన్ చేయండి: సర్వేయర్ వచ్చాడా, మొదటి వాయిదా అందిందా, అమ్మకు డబ్బు చేరిందా.