ట్రాలీ జాకీ బిగుసుకుపోతే

మాది పర్లాకిమిడి పక్క పల్లె. మా ట్రాక్టర్‌కి తగిలించే 2 చక్రాల ట్రాలీకి ముందుండే జాకీ, అంటే హ్యాండిల్ తిప్పితే ముందుభాగాన్ని ఎత్తి నిలిపేది, ఈ వానల తర్వాత తిరగనంది. చిన్నాన్న పైపు తొడిగి బలంగా తిప్పాడు. హ్యాండిల్ వంగింది, అంతే.

ట్రాలీ ఖాళీ చేసి, చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి, ముందుభాగాన్ని దుంగల మీద ఆనించాను. ఈ పని ఎగ్గొట్టకండి, ట్రాలీ కాలి మీద పడుతుంది. జాకీ పైమూత విప్పితే గ్రీజు మట్టిలా గట్టిపడి ఉంది, బేరింగ్ గోళీలు తుప్పు. స్క్రూ రాడ్డుకు రాత్రంతా డీజిల్ పట్టించి, వైరు బ్రష్‌తో రుద్ది, కొత్త బేరింగ్ వేసి లిథియం గ్రీజు నింపాను. అసలు దొంగ ఎవరంటే, మూత కింది రబ్బరు. అది చీలి నీళ్లు దిగాయి. అదీ మార్చాను.

ఇప్పుడు మా అబ్బాయి ఒంటిచేత్తో తిప్పుతున్నాడు. వంగిన హ్యాండిల్ మాత్రం అలాగే ఉంచాను, చిన్నాన్నని ఏడిపించడానికి.