పసిబిడ్డ రొంప, పిల్లికూతలు – మూడో పాఠం: ఊపిరి లెక్క, ముక్కు, స్పేసర్

కిందటి పాఠంలో జ్వరం చూడటం, బరువును బట్టి పారాసిటమాల్ మోతాదు (కిలోకు 15 మిల్లీగ్రాములు) కట్టడం అయింది. ఈసారి ఎంతకీ వదలని రొంప, దాని వెంట వచ్చే పిల్లికూతలు. పాఠం ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డలకు. ఏడాదిలోపు పసికందు ఆయాసపడుతుంటే చదవడం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మామూలు రొంప వారం, పది రోజులు ఉంటుంది. దగ్గు రెండు మూడు వారాలు ఈడుస్తుంది. అంగన్‌వాడీకి పోయే బిడ్డకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది రొంపలు వింతేం కాదు. మన తిరుపతి, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు పడే రోజుల్లో ఒకటి తగ్గీ తగ్గకముందే ఇంకొకటి అంటుకుంటుంది. చూసేవాళ్లకు రెండు నెలలుగా ఒకటే రొంప అనిపిస్తుంది. మధ్యలో నాలుగు రోజులైనా ముక్కు తేటగా ఉందా అని గుర్తు చేసుకోండి, సంగతి తెలిసిపోతుంది. చీమిడి పచ్చబడి చిక్కబడిందంటే యాంటీబయాటిక్ కావాలని కాదు, రొంప ముదిరి తగ్గే దారిలో అదొక మెట్టు. ఒక్క ముక్కు రంధ్రం నుంచే కంపు కొట్టే చీమిడి కారుతుంటే మాత్రం లోపల చింతపిక్కో పూసో ఇరుక్కుందేమో అనుమానించాలి. చెవిపుల్లతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. ఆ పని చెవి ముక్కు గొంతు డాక్టరుకు వదిలేయండి.

ఇక ఊపిరి లెక్క. ఈ పాఠంలో ఇదే అసలైన పని. బిడ్డ నిద్రలోనో, ఒళ్లో కుదురుగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట, రొమ్ము చూడండి. ఒకసారి లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నిండా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించడం వద్దు, చిన్నపిల్లల ఊపిరి సమంగా నడవదు. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు వేసిన లెక్క పనికిరాదు. ఏడాది నుంచి ఐదేళ్ల మధ్య 40 లేదా అంతకు మించితే వేగంగా తీస్తున్నట్టే, ఆరోజే డాక్టరుకు చూపించాలి. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు ఆ గీత 50. జ్వరం ఉంటే లెక్క పెరుగుతుంది కాబట్టి జ్వరం దిగాక మళ్లీ ఒకసారి చూడండి.

లెక్కతోపాటు డొక్కలు చూడాలి. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి గుంజుకుపోతే అది డొక్క ఎగరేయడం. చప్పుడు ఎప్పుడు వస్తోందో కూడా వినండి. ఊపిరి వదిలేటప్పుడు సన్నగా ఈల వేసినట్టుంటే పిల్లికూత, అంటే ఛాతీలోని సన్నని గొట్టాలు ఇరుకైనట్టు. పీల్చేటప్పుడు గరగరమంటే ఇబ్బంది గొంతు దగ్గర. అప్పటిదాకా ఆడుకుంటూ చెనిక్కాయలు తింటున్న బిడ్డకు ఉన్నట్టుండి పొలమారి కూత మొదలైతే అది రొంప కాదు. గింజ గొట్టంలోకి పోయి ఉండొచ్చు. కాసేపటికి దగ్గు ఆగినా ఆస్పత్రికి పోవాల్సిందే.

ముక్కుకు మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు చాలు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఒక్కో రంధ్రంలో రెండు మూడు చుక్కలు వేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. తిండికి, నిద్రకు పావుగంట ముందు చేస్తే ఫలితం కనబడుతుంది. రాత్రి దగ్గుకు పడుకునేముందు అర టీస్పూను తేనె ఇవ్వొచ్చు. ఏడాది నిండనివాళ్లకు నాకించను కూడా వద్దు, బొటులిజం (కండరాలు చచ్చుబడే విషజబ్బు) ప్రమాదం ఉంది.

పెద్దవాళ్లు నొచ్చుకున్నా కొన్ని మాన్పించక తప్పదు. స్నానం చేయించి సాంబ్రాణి పొగ పట్టడం, గదిలో దోమల చుట్ట వెలిగించడం కూతలను రేపుతాయి. ముక్కులో నూనె చుక్కలు వేస్తే ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ము తెస్తాయి. కర్పూరం నోట్లోకి పోతే ఫిట్స్ రావచ్చు. మరిగే నీళ్ల గిన్నెతో ఆవిరి పడితే ఒళ్లు కాలుతుంది. సీసా మీద క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ రెండూ కలిసి ఉన్న జలుబు సిరప్‌ను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. పెరుగు మాన్పించి మాత్రం లాభం లేదు, తిననివ్వండి.

డాక్టరు సాల్బుటమాల్ (ఇరుకైన ఊపిరి గొట్టాలను తెరిచే మందు) ఇన్‌హేలర్ రాస్తే దాన్ని మాస్కు ఉన్న స్పేసర్‌తోనే, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ గొట్టంతోనే వాడాలి. ఎన్ని నొక్కులన్నది చీటీలో ఉన్నంతే. మూత తీసి, డబ్బాను బాగా కుదిపి, స్పేసర్ వెనక బిగించండి. బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కూ నోరూ కప్పేలా మాస్కు ఆనించండి. ఒక్కసారి నొక్కండి. మాస్కు తీయకుండా ఐదారు ఊపిర్లు తీయనివ్వండి, లోపలి కవాటం కదులుతుంటే మందు పోతున్నట్టు. అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి, రెండోది.

మందు పనిచేయలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మందు కాదు, పట్టిన తీరు. రెండు నొక్కులు ఒకేసారి కొడితే మందు స్పేసర్ గోడలకే అంటుకుంటుంది. ఏడుస్తుండగా పెడితే గొంతులోనే ఆగిపోతుంది. బుగ్గ పక్కన సందు ఉంటే బయటికే పోతుంది. స్పేసర్‌ను కడిగి గుడ్డతో తుడిచినా నష్టమే: రాపిడికి ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో ముంచి తీసి, తుడవకుండా గాలికి ఆరనివ్వండి. సాల్బుటమాల్ సిరప్ తాగిస్తే సరిపోదా అంటారు. అది ఆలస్యంగా పనిచేస్తుంది, పైగా చేతులు వణికిస్తుంది.

మందు కొన్ని నిమిషాల్లో పట్టు చూపి నాలుగు గంటలైనా నిలవాలి. అంతకుముందే మళ్లీ కావాల్సి వస్తే ఆస్పత్రికి బయలుదేరండి. తిరుమల కొండకు పోయేటప్పుడు ఇన్‌హేలర్, స్పేసర్ చేతిసంచిలోనే ఉండాలి, అలిపిరిలో అప్పగించే లగేజీలో కాదు. వారంలోపు కూతలు వచ్చిన బిడ్డకు మార్గశిరం చలిలో పుట్టువెంట్రుకలు తీయించి చన్నీళ్లు పోసే బదులు ముహూర్తం వాయిదా వేయడం మేలు.

పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోయినా, తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, చిత్తూరులో ప్రభుత్వ ఆస్పత్రి రాత్రిపూట కూడా చూస్తాయి. దగ్గు రెండు వారాలు దాటి, బరువు తగ్గుతూ, సాయంత్రాలు జ్వరం వస్తుంటే టీబీ పరీక్ష అడగండి.

ఈ వారం అభ్యాసం: బిడ్డ బాగున్నప్పుడే మూడు రాత్రులు నిద్రలో ఊపిరి లెక్కపెట్టి, తేదీతో నోటుబుక్కులో రాయండి. నాలుగో పాఠంలో రోజూ వాడే బ్యుడెసొనైడ్ ఇన్‌హేలర్, అది వాడాక నోరు, ముఖం ఎందుకు తుడవాలో చూద్దాం. ఆ నోటుబుక్కు అప్పుడు కావాలి.