కోట పక్కన గేటెడ్ విల్లా కొంటున్నారా? ముందు టేపు పట్టండి

"బాల్కనీలోంచి కోట కనిపిస్తుంది" అని బ్రోచర్‌లో చదివితే నాకొచ్చే మొదటి అనుమానం, అసలక్కడ బాల్కనీ కట్టనిస్తారా అని. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో కట్టాలంటే నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఉండాలి. పురాతన కట్టడాల రక్షణకున్న 1958 చట్టానికి 2010లో వచ్చిన సవరణ ఇది. పంచాయతీ పర్మిషన్ ఉంది, బ్యాంకు లోన్ ఇస్తోంది అంటారు, అవి దీనికి జవాబు కాదు.

మెలికంతా కొలతలో ఉంది. గోపురం నుంచో బురుజు నుంచో కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలవాలి. ఓరుగల్లు కోట అనగానే అందరికీ రాతి తోరణాలే గుర్తొస్తాయి, కానీ రాతికోటకి బయట మట్టికోట కూడా ఉంది, తెలియనివాళ్ళు దాన్ని చెరువుకట్ట అనుకుని దాటిపోతారు. అందుకని సర్వే నంబర్లు పట్టుకుని పురావస్తు శాఖ ఆఫీసుకే వెళ్ళి హద్దు ఎక్కడిదాకానో అడగండి, రాష్ట్ర శాఖ కిందున్న కట్టడాల లిస్టు వేరు కాబట్టి అక్కడా అడగండి. ఎన్‌ఓసీ ఉందంటే కాపీ తీసుకుని ఎత్తు ఎంత రాశారో చూడండి, పిట్టగోడ, వాటర్ ట్యాంకు కూడా అందులోకే వస్తాయి.

ఇక భూమి. పాత ఊరంటే గుళ్ళు, మసీదులు, వాటికిచ్చిన మాన్యాలు. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే పత్రం) క్లీన్‌గా ఉంది కదా అని ఊరుకోకండి, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో, దేవాదాయ, వక్ఫ్ రికార్డుల్లో ఏముందో, పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, ఇనాం (దానంగా ఇచ్చిన భూమి) అని రాసుందేమో లాయరుతో చూపించండి. రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఇచ్చిన నంబరు కూడా చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఇళ్ళు 8కి మించినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా బిల్డరు మీ దగ్గర ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

సైటులో కాస్త మట్టి చేతిలోకి తీసుకోండి. బూడిద రంగులో పొడిపొడిగా ఉండి కుండపెంకులు తగిలితే అది పాటిమట్టి, అంటే ఒకప్పుడు అక్కడ ఊరుండేది. పునాదికి ఆ నేల నమ్మకం కాదు, సాయిల్ టెస్ట్ రిపోర్టు అడగాల్సిందే. తవ్వుతుంటే ఏదైనా దొరికితే? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం దాని విలువ 10 రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. నవ్వొచ్చే మొత్తమే, కానీ దాచినవాళ్ళకి జైలు కూడా ఉంది.

గేటు సంగతి చాలామంది అడగరు. మామూలు లేఅవుట్ అయితే రోడ్లు, పార్కు స్థలం గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకో మున్సిపాలిటీకో వెళ్తాయి, అంటే మీరు మెయింటెనెన్స్ కట్టే ఆ రోడ్డు అందరిదీ. లోపల పాత గుడో మెట్లబావో ఉంటే ఊరివాళ్ళకి దారి ఉండే ఉంటుంది, గేటు పెట్టినంత మాత్రాన అది పోదు. సేల్స్ కుర్రాడు పిలిచిన ఆదివారం కాకుండా జాతర రోజు వెళ్ళండి, ఎవరు ఎటునుంచి లోపలికి వస్తున్నారో మీకే కనిపిస్తుంది.