డిమెన్షియా ఉన్న పెద్దవాళ్ల కోసం హోమ్ చూడ్డానికి వెళ్తున్నారా? సాయంత్రం ఆరున్నరకి వెళ్లండి

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్న మా అత్తగారి కోసం హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కలా మొత్తం 7 హోమ్‌లు చూశాం. అందులో మొదటి మూడూ తప్పుగా చూశాం. తప్పుగా అంటే, ముందే ఫోన్ చేసి టైం తీసుకుని, ఉదయం పదకొండింటికి వెళ్లి, ఏసీ గదిలో కూర్చుని కాఫీ తాగి, ఓనరుగారు చెప్పిందంతా విని, ఆయన చూపించిన గదులే చూసి, "బాగానే ఉందండీ, ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం" అని వచ్చేశాం. పదకొండింటికి ఏ హోమ్ అయినా బాగానే ఉంటుంది. స్నానాలు అయిపోయి, తలలు దువ్వి, పౌడర్ రాసి అందర్నీ హాల్లో కూర్చోబెట్టి ఉంటారు.

నాలుగోదానికి మూడింటికి వెళ్లాల్సింది, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేరేసరికి ఆరున్నర అయింది. ఓనరు వెళ్లిపోయారు. హాల్లో పద్దెనిమిది మంది పెద్దవాళ్లు, చెవులు పగిలేలా టీవీ సీరియల్, ఒక్కతే ఆయా. ఒకావిడ గ్రిల్ గేటు ఊపుతూ "మా ఆయన వచ్చే వేళయింది, తలుపు తియ్యండి" అని ఏడుస్తోంది. ఆయా ఇంకొకాయన నోట్లో అన్నం ముద్ద పెడుతూ అక్కణ్ణుంచే "ఏయ్, కూసో" అని అరుస్తోంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను, ఉన్నవి రెండే చేతులు. కానీ ఇంటికొచ్చాక అర్థమైంది, మేం ఇన్నాళ్లూ ఓనర్లని చూసి వస్తున్నాం అని. మీ అమ్మకి అన్నం పెట్టేదీ, రాత్రి పక్క తడిస్తే మార్చేదీ ఓనరు కాదు, ఆయా. చూడాల్సింది ఆవిడని.

సాయంత్రమే ఎందుకంటే, ఈ జబ్బులో చాలామందికి పొద్దు వాలుతున్నప్పుడు గాభరా ఎక్కువవుతుంది. డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. అప్పటిదాకా బాగానే ఉన్న మనిషి అయిదు, ఆరు అయ్యేసరికి "ఇంటికెళ్లాలి, పిల్లలు బడి నుంచి వస్తారు" అని సంచి సర్దుకుంటారు. సరిగ్గా అదే టైంకి చాలా హోమ్‌లలో షిఫ్ట్ మారుతుంది, రాత్రి భోజనాలు మొదలవుతాయి. అంటే పెద్దవాళ్లకి ఎక్కువ మనుషులు కావలసిన గంటలోనే మనుషులు తక్కువ ఉంటారు. కాబట్టి మొదటిసారి చెప్పి వెళ్లండి, మర్యాద. రెండోసారి మాత్రం చెప్పకుండా ఆరు, ఏడు మధ్యలో వెళ్లండి. మూడోసారి ఆదివారం. "విజిటింగ్ అవర్స్ కాదండీ" అని గేటు దగ్గరే ఆపేస్తే గొడవ పడకండి, ఇంకో హోమ్ చూసుకోండి. లోపలికి కాకపోయినా హాలు వరకైనా రానిచ్చిన చోట్లు మాకు దొరికాయి.

లోపలికి వెళ్లాక ముందు ఒకచోట కూర్చోండి. పావుగంట ఊరికే కూర్చోండి, ఏమీ అడక్కుండా. ఆయాలు పెద్దవాళ్లని ఏమని పిలుస్తున్నారో వినండి. అమ్మమ్మా, తాతయ్యా, మేడమ్, టీచరమ్మా, ఏదైనా ఫర్వాలేదు. "ఏడో నంబర్ బెడ్డు", "ఈ ముసలామె", నువ్వు, ఏందే అంటున్నారంటే మన ముందే అలా ఉందని గుర్తుపెట్టుకోండి. "ఇంటికెళ్తా" అన్న మనిషికి ఏం జవాబిస్తున్నారో చూడండి. "ఇదే నీ ఇల్లు, ఎన్నిసార్లు చెప్పాలి" అనేవాళ్లు ఉంటారు. "వెళ్దాం అమ్మమ్మా, ముందు కాస్త టీ తాగుదామా, మీ ఊరు ఎక్కడన్నారు?" అని చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లూ ఉంటారు. రెండో రకం మనిషి ఒక్కతి ఉన్నా ఆమె ఎన్నేళ్లుగా పనిచేస్తోందో కనుక్కోండి. మూడు నెలలకోసారి అందరూ మారిపోయే చోట ఎవరికీ ఎవరి అలవాట్లూ తెలియవు.

భాష సంగతి మేం మొదట్లో అసలు పట్టించుకోలేదు. ఇక్కడ హోమ్‌లలో పనిచేసేవాళ్లలో ఒడిశా నుంచో, జార్ఖండ్ నుంచో వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, పాపం బాగానే చూస్తారు, కానీ మాట్లాడేది హిందీ. డిమెన్షియాలో తర్వాత నేర్చుకున్న భాషలు చాలామందికి ముందు జారిపోతాయి, చిన్నప్పటి భాష మిగులుతుంది. మా అత్తగారు ముప్పై ఏళ్లు స్కూల్లో పాఠాలు చెప్పిన మనిషి, హిందీ, ఇంగ్లీషు రెండూ వచ్చు. ఇప్పుడు "పానీ పియో" అంటే తెల్లమొహం వేస్తారు. ప్రతి షిఫ్టులో, ముఖ్యంగా రాత్రి, కనీసం ఒక్కరైనా తెలుగు వచ్చినవాళ్లు ఉంటారా అని అడగండి.

మనుషుల లెక్క అడిగేటప్పుడు "స్టాఫ్ ఎంతమంది?" అని అడక్కండి. ఇరవై మంది అంటారు, అందులో వంటమనిషీ, డ్రైవరూ, తోటమాలీ అందరూ ఉంటారు. "రాత్రి పది తర్వాత ఈ ఫ్లోర్‌లో మెలకువగా ఉండేవాళ్లు ఎంతమంది, వాళ్లు చూసుకోవాల్సింది ఎంతమందిని?" అని అడగండి. మెలకువగా అనే మాట వదలొద్దు. పగలు అయిదారుగురికి ఒకరు, రాత్రి పదిమందికి ఒకరు ఉంటే చాలు అనుకున్నాం మేం. మంచం పట్టినవాళ్లు ఎక్కువుంటే అదీ చాలదు. ఇంకో ప్రశ్న, దీనికి చాలామంది తడబడ్డారు: "సంక్రాంతికి మీ వాళ్లు ఊళ్లకి వెళ్తే ఆ నాలుగు రోజులూ ఎవరుంటారు?" ఒకచోట మేనేజరు నవ్వి, "మేమే ఉంటాం మేడమ్, పోయినేడు నేనే డైపర్లు మార్చాను" అన్నాడు. ఆ నవ్వు నాకు బ్రోషర్ కంటే నచ్చింది.

"రాత్రి లేచి తిరిగితే ఏం చేస్తారు?" తప్పకుండా అడగండి. బాత్రూమ్‌కి తీసుకెళ్తాం, ఆకలేమో చూస్తాం, పాలిస్తాం, కాసేపు కూర్చుంటాం, ఇలాంటి జవాబు రావాలి. "చిన్న మాత్ర ఇస్తాం, పడుకుంటారు" అని తేలిగ్గా అన్నారంటే ఏ మాత్ర, ఎవరు రాశారు, కుటుంబానికి చెప్పే ఇస్తారా అని అక్కడే అడగండి. క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి మానసిక జబ్బుల మందులు వాడుతుంటారు. ఈ రకం మందుల వల్ల డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో మరణం ముప్పు పెరుగుతుందని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు లేబుల్ మీద పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. అలాగని అసలు వాడకూడదని కాదు, కొందరికి డాక్టరు ఆలోచించే రాస్తారు, మీరంతట మీరు ఆపేయకండి కూడా. కానీ మనుషులు సరిపోక మాత్ర వేయడం వేరు. పట్టపగలు హాల్లో సగం మంది కుర్చీల్లో తలలు వాల్చి నిద్రపోతుంటే నాకు అనుమానం వస్తుంది. అలాగే మంచానికీ కుర్చీకీ చున్నీతో కట్టేయడం. "పడిపోతారని మేడమ్, సేఫ్టీకే" అంటారు. అది విన్నాక నేను ఇక గదులు చూడలేదు.

జుట్టు విషయం ఎవరూ ముందు చెప్పరు. చాలా హోమ్‌లలో ఆడవాళ్లకి జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు, పేలు పడతాయనో, స్నానానికి తేలికనో. అందరికీ ఒకేలాంటి నైటీలు. ఒక హోమ్‌లో అయితే ఎవరు ఆవిడో ఎవరు ఆయనో నాకు వెంటనే తెలియలేదు. జీవితమంతా జడ వేసుకుని బొట్టు పెట్టుకున్న మనిషి చేత్తో తల తడుముకుని ఏమనుకుంటుంది? మేం ముందే మాట్లాడుకున్నాం, జడ ఉంటుంది, బొట్టు ఉంటుంది, పండక్కి చీర కడతారు అని. బంగారం మాత్రం ఇంట్లోనే తీసేసి పంపండి. మెడ బోసిగా ఉంటే గొడవ చేస్తారు అనుకుంటే రోల్డ్ గోల్డ్ గొలుసు వెయ్యండి.

తిండి. మెనూ కార్డు చూడకండి, భోజనం టైంలో ఉండండి. రాత్రి భోజనం ఆరున్నరకే పెట్టేసి మళ్లీ పొద్దున్న ఎనిమిదిన్నరకి టిఫిన్ అంటే మధ్యలో 14 గంటలు. అర్ధరాత్రి తిరగడం కొందరిలో ఒట్టి ఆకలే. పడుకునే ముందు పాలో, అరటిపండో ఇస్తారా? స్పూను పట్టుకోలేనివాళ్లకి ఇడ్లీ ముక్కలు చేసి చేతికిస్తారా, లేక టైం లేదని అన్నీ కలిపి జావలా చేసి తాగించేస్తారా? నెలనెలా బరువు చూసి రాస్తారా? రాస్తామంటే ఆ పుస్తకం చూపించమనండి. ఇంకొకరి పేరు వేలితో మూసి అయినా చూపిస్తారు. మింగడం కష్టమైనవాళ్లని పడుకోబెట్టి తాగిస్తుంటే అది ప్రమాదం, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బాత్రూమ్‌కి మీరే వెళ్లండి, విజిటర్ల బాత్రూమ్ కాదు, వాళ్లు వాడేది. పట్టుకోడానికి రాడ్లు ఉన్నాయా, నేల తడిగా ఉందా, లోపల గడియ బయటినుంచి తీయగలరా. కాస్త మూత్రం వాసన ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడైనా వస్తుంది, అది పెద్ద తప్పు కాదు. పరుపుల్లోంచీ కర్టెన్లలోంచీ వస్తుంటే మాత్రం తప్పే. ఫినాయిల్ గుప్పున కొడుతుంటే దేన్నో కప్పుతున్నారని. గదిలో నిలువుటద్దం ఉంటే తీసేస్తారా అడగండి. కొందరు తమ మొహం తామే గుర్తుపట్టలేక ఎవరో లోపలికొచ్చారని హడలిపోతారు.

మంచం పట్టినవాళ్లు ఉన్న గదికి తీసుకెళ్లమనండి, ఇబ్బందిగా ఉన్నా అడగండి. రేపు మనవాళ్లు ఉండబోయేది ఆ గదే. పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి పక్కకి తిప్పుతారు అంటే రెండు గంటలకి అని అందరూ అప్పచెప్తారు, కాబట్టి తిప్పినట్టు రాసే చార్టు అడగండి. రోజు మొత్తానికీ ఒకే పెన్నుతో ఒకే చేతిరాతతో రాసి ఉంటే అది సాయంత్రం కూర్చుని నింపిన చార్టు. ఇంకా ఇది అడగండి: "మామూలుగా ఉన్న మనిషి ఒక్కరోజులో బాగా తికమకపడిపోతే ఏం చేస్తారు?" జ్వరం చూస్తాం, యూరిన్ టెస్ట్ చేయిస్తాం, విరేచనం అయిందో లేదో చూస్తాం, మీకు ఫోన్ చేస్తాం అనాలి. "జబ్బు ముదిరింది అంతేనండీ" అనకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తే పెద్దవాళ్లలో ముందు కనిపించేది చాలాసార్లు ఈ తికమకే.

మామిడి తోటలు చూసి పడిపోకండి. శామీర్‌పేట అవతల, మొయినాబాద్ వైపు పచ్చగా, ప్రశాంతంగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. డాలస్‌లో ఉన్న మా ఆడపడుచు వీడియో కాల్‌లో చూసి "వదినా, ఇదే ఖాయం చేసెయ్" అంది. కానీ రాత్రి రెండింటికి గుండె నొప్పి వస్తే దగ్గరి పెద్దాస్పత్రి ఎంత దూరం, వెంట ఎవరు వెళ్తారు, మేం చేరేదాకా అడ్వాన్స్ ఎవరు కడతారు? వారానికి రెండుసార్లు ఎవరు వెళ్లగలరు? చెట్లు మనకి తృప్తి. అత్తగారికి కావాల్సింది రోజూ కనిపించే తెలిసిన మొహం.

జబ్బు దాచి చేర్చకండి. "కాస్త మతిమరుపు అంతే" అని మామూలు వృద్ధాశ్రమంలో చేరిస్తే వారంలో ఫోన్ వస్తుంది, తీసుకెళ్లమని. అన్నీ చెప్పండి, కొడతారా, రాత్రి తిరుగుతారా, బట్టలు విప్పేస్తారా, అన్నీ. తర్వాత మీరు అడగండి: ఏ పరిస్థితి వస్తే వెనక్కి పంపేస్తారు? ట్యూబ్ ఫీడింగ్, అంటే గొట్టంతో ఆహారం ఇవ్వాల్సిన పరిస్థితి, వస్తే ఉంచుకోం అనే హోమ్‌లు చాలానే ఉన్నాయి. అది నేరం కాదు, కానీ ముందే తెలియాలి, కాగితం మీద ఉండాలి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. మేం చూసినవాటిలో నెలకి 28 వేల నుంచి 70 వేల దాకా ఉన్నాయి, ఎక్కువ తీసుకున్నచోట ఆయాలు ఎక్కువ లేరు, ఏసీలు ఎక్కువ ఉన్నాయి. డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, డాక్టరు విజిట్ విడిగానా? ఆస్పత్రిలో ఉన్న రోజులకి కూడా కట్టాలా? మధ్యలో మనిషి పోతే మిగతా నెల డబ్బూ అడ్వాన్సూ ఇస్తారా? నోరు రాకపోయినా ఇది అడగాలి. మెడిక్లెయిమ్ మీద ఆశ పెట్టుకోకండి, రోజువారీ సంరక్షణ ఖర్చుని మన ఆరోగ్య బీమా పాలసీలు మినహాయింపుల జాబితాలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 05 కింద తీసేస్తాయి. గోడ మీద సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం ఫ్రేమ్ కట్టి ఉంటే, అది సంస్థ ఉందని చెప్తుంది, ఎలా చూస్తారో చెప్పదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పెద్దవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు.

రెండు బాగున్నాయి అనిపిస్తే ఒకదాంట్లో నెల రోజులు ట్రయల్‌గా ఉంచండి. "మొదటి నెల ఎవరూ రావద్దు, అలవాటు పడాలి" అన్నచోట మేం చేర్చలేదు. రెండు రోజులు ఆగమంటే అర్థం చేసుకుంటాను, నెల ఏమిటి? వెళ్లేటప్పుడు ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వండి, రిపోర్టులు కాదు, మనిషి గురించి: ఇంట్లో ఏమని పిలుస్తారు, కాఫీ ఎన్నింటికి, స్టీలు గ్లాసా కప్పా, ఎడమ చెవి వినపడదు, మగవాళ్లు స్నానం చేయించకూడదు, ఏడిస్తే ఏ మాటెత్తితే ఊరుకుంటారు. మా పేజీలో "చేతికి చాక్‌పీసు ఇస్తే గంటసేపు ప్రశాంతంగా ఉంటారు" అని ఉంది. ఇప్పుడు అక్కడి గోడ మీద అన్నీ అ ఆ ఇ ఈలే.

చేర్చాక కూడా వెళ్లినప్పుడల్లా నేను పుండ్లు పడ్డాయేమోనని మడమలు చూస్తాను, గోళ్లు చూస్తాను, నీళ్లు సరిగ్గా తాగిస్తున్నారా అని నాలుక తడిగా ఉందో లేదో చూస్తాను, కళ్లజోడు ఆవిడదేనా అని చూస్తాను. నవ్వకండి, కళ్లజోళ్లూ కట్టుడుపళ్లూ మారిపోతూనే ఉంటాయి. ఒకసారి మా అత్తగారు ఎవరో పెద్దాయనది నల్ల ఫ్రేమ్ పెట్టుకుని కూర్చున్నారు, "బాగా కనపడుతోందా అత్తయ్యా?" అంటే "బ్రహ్మాండంగా" అన్నారు. కళ్లజోడు కాడ లోపలివైపు పర్మనెంట్ మార్కర్‌తో పేరు రాసి పైన టేప్ అంటించండి, పళ్ల డబ్బా మీద కూడా.