మిడ్-డ్రైవ్ సైకిల్లో గేరు మార్చితే ఠంగుమంటోందా? ముందు మోటారు ఆపి చూడండి

మిడ్-డ్రైవ్ సైకిల్ (పెడళ్ళ దగ్గరే మోటారు ఉండే కరెంటు సైకిల్) గేర్లు సరిగా పడటం లేదని ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. మోటారు ఆపేసి తొక్కి చూశారా? దాదాపు ఎవరూ చూసి ఉండరు. అప్పటికే బ్యారెల్ అడ్జస్టర్ (గేరు కేబుల్ బిగువు మార్చే మర) అటూ ఇటూ తిప్పేసి, లిమిట్ స్క్రూలు (గొలుసు పళ్లచక్రాలు దాటిపోకుండా హద్దు పెట్టేవి) కూడా కదిపేసి, మొదట ఎలా ఉండేదో వాళ్ళకే గుర్తులేని స్థితికి తెచ్చుకుని ఉంటారు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. అసిస్ట్ (మోటారు ఇచ్చే సాయం) సున్నాకి తెచ్చి, ఎత్తుపల్లాలు లేని చోట రెండు నిమిషాలు తొక్కుతూ గేర్లన్నీ ఒక్కొక్కటిగా పైకీ కిందికీ మార్చి చూడండి.

అప్పుడూ తడబడుతుంటే అది మామూలు సైకిల్ జబ్బే, మోటారుకి సంబంధం లేదు. మోటారు లేనప్పుడు చక్కగా పడుతూ, అసిస్ట్ పెట్టగానే ఠంగుమంటున్నా, గేరు మార్చిన ప్రతిసారీ గొలుసు జారుతున్నా, డీరైలర్ (గొలుసుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) జోలికి అసలు వెళ్ళొద్దు. గేరు మారే క్షణంలో మోటారు గొలుసుని వదలడం లేదు, అంతే.

మోటారు ఆపినా తడబడుతుంటే

వెనక చక్రం ఫ్రేములో నిండా కూర్చుందో లేదో చూడండి. నవ్వకండి, పంక్చర్ వేసి చక్రం మళ్ళీ బిగించాక గేర్లు పాడయ్యాయంటూ నా దగ్గరికి వచ్చిన సైకిళ్ళలో ఇరుసు ఒక పక్క వంకరగా బిగిసి ఉండటం చాలాసార్లు చూశాను.

పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కడానికి బద్ధకిస్తే కేబుల్ వదులైంది. బ్యారెల్ అడ్జస్టర్‌ని గడియారం ముల్లుకి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పి చూడండి, చాలకపోతే ఇంకో పావు. చిన్నదాని మీదికి దిగడానికి బద్ధకిస్తే మాత్రం చాలావరకు కేబుల్ తొడుగు లోపల మురికి పట్టి, వైరు వెనక్కి జారడం లేదని అర్థం. నూనె చుక్కలు వేస్తూ కూర్చోకుండా వైరు, తొడుగు రెండూ మార్చేయండి. కొన్ని గేర్లు బాగా పడి కొన్ని పడకపోతే, ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంటే హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) వంగింది. సైకిల్ ఈమధ్య కుడి పక్కకి పడిందేమో గుర్తు తెచ్చుకోండి. కంటికి నిటారుగానే కనిపిస్తుంది, కొలిచే సాధనం పెడితేనే తేలుతుంది.

గొలుసు అరుగుదల కూడా కొలవండి. మిడ్-డ్రైవ్‌లో మీ కాళ్ళ బలం, మోటారు బలం రెండూ ఒకే గొలుసు మీద పడతాయి కాబట్టి మామూలు సైకిల్ లెక్కలు ఇక్కడ చెల్లవు. 11, 12 గేర్ల గొలుసైతే, అది ఎంత శాతం సాగిందో చూపే గేజ్ 0.5 చూపించగానే, 8 నుంచి 10 గేర్లదైతే 0.75 లోపే మార్చాలి. ఆలస్యం చేస్తే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) కూడా అరిగిపోతుంది, అప్పుడు కొత్త గొలుసు వేసినా దాని మీద జారుతూనే ఉంటుంది.

మోటారు పెడితేనే ఠంగుమంటుంటే

నన్ను బాగా ఏడిపించింది ఇదే.

మోటారు కిట్ బిగించిన సైకిల్ అది. గేర్ సెన్సర్ కూడా ఉంది. గేర్ కేబుల్ దారిలో బిగించే చిన్న పెట్టె అన్నమాట, లోపల వైరు కదిలితే పసిగట్టి మోటారుకి ఒక్క క్షణం ఆగమని చెబుతుంది. అయినా ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి గేరుకీ సుత్తితో కొట్టినట్టు శబ్దం. కేబుల్ మార్చాను. హ్యాంగర్ సరిచేశాను. గొలుసు, క్యాసెట్ కొత్తవి వేశాను. స్టాండ్ మీద పెడితే అన్ని గేర్లూ హాయిగా పడతాయి, రోడ్డెక్కితే మళ్ళీ అదే గోల. స్టాండ్ మీద చక్రానికి బరువు ఉండదు కాబట్టి గొలుసు బిగుసుకోదు, ఎంత పాడు గేరైనా అక్కడ బాగానే పడుతుంది. ఇది తెలిసి కూడా ఎందుకో ఆ స్టాండ్‌నే నమ్మాను.

సెన్సర్‌ని ఎందుకు అనుమానించలేదంటే, గేరు నొక్కిన ప్రతిసారీ దాని చిన్న లైటు చక్కగా వెలిగేది. చివరికి ఒకరోజు ఎత్తు ఎక్కుతూ పొరపాటున బ్రేక్ లీవర్ మీద వేలు ఆనించి ఉండగా గేరు మార్చాను, చప్పుడే లేదు. ఇలాంటి కిట్లలో చాలావాటికి బ్రేక్ లీవర్‌లో మోటారుని ఆపే స్విచ్ ఉంటుంది, అదీ సంగతి. మోటారు ఆగితే గేరు బంగారంలా పడుతోందంటే సెన్సర్ దాన్ని ఆపడం లేదన్నమాట. కనెక్టర్ విప్పి చూస్తే మూడు పిన్నుల్లో ఒకటి వంగి ఉంది. సెన్సర్‌కి కరెంటు అందుతోంది, అందుకే లైటు వెలుగుతోంది. సిగ్నల్ మాత్రం మోటారుని నడిపించే కంట్రోలర్‌కి చేరడం లేదు. లైటు చూసి సెన్సర్ బాగుందనుకోవడం, ఫోన్ రింగైంది కాబట్టి అవతలివాళ్ళు మాట్లాడారనుకున్నట్టే.

అందుకని ఇలా పరీక్షించండి. ఎత్తు మీద, అసిస్ట్ ఉండగానే, బ్రేక్ లీవర్‌ని ప్యాడ్లు తగలనంత మెల్లగా లాగి, మోటారు ఆగినట్టు అనిపించగానే ఒక్క గేరు మార్చండి. మెత్తగా పడితే దోషం ఖాయంగా మోటారు ఆగకపోవడంలోనే ఉంది. తర్వాత స్టాండ్ మీద, థ్రాటిల్ ఉంటే దానితో, లేకపోతే చేత్తో పెడల్ తిప్పుతూ మోటారుని నడిపించి గేరు నొక్కండి (వేళ్ళు గొలుసుకి దూరంగా). నొక్కిన క్షణం మోటారు శబ్దం తగ్గాలి. తగ్గకపోతే కనెక్టర్ విప్పి పిన్నులు చూసి, బాణం గుర్తులు ఎదురెదురుగా ఉంచి, తిప్పకుండా నిటారుగా చివరిదాకా నొక్కండి. అయినా తగ్గకపోతే సెన్సర్ రెండు పక్కలా కేబుల్ తొడుగు దాని గూట్లో నిండా దిగిందో లేదో చూడండి. ఖాళీ ఉంటే గేరు నొక్కినప్పుడు వైరుతో పాటు పెట్టె కూడా జరిగి, అసలు కదలిక దానికి ఆలస్యంగా తెలుస్తుంది.

గేర్ సెన్సర్ లేని సైకిలైతే మీ మోటారు ఏ రకమో తెలుసుకోవాలి. బాష్, షిమానో మిడ్-డ్రైవ్‌లలో ఉన్నట్టు పెడల్ మీద ఒత్తిడిని కొలిచే టార్క్ సెన్సర్ ఉంటే, కాలి ఒత్తిడి తగ్గించగానే మోటారు కూడా తగ్గుతుంది. పెడల్ తిప్పడం ఆపకూడదు, నొక్కడం ఆపాలి. గొలుసు కదలకపోతే గేరు మారదు కదా. చాలా కిట్లలో ఉండే కేడెన్స్ సెన్సర్‌తో ఈ ఉపాయం పనిచేయదు, ఎందుకంటే మీరు ఎంత బలంగా నొక్కుతున్నారో దానికి తెలియదు, పెడల్ తిరుగుతున్నంత సేపూ లాగుతూనే ఉంటుంది. ఆపాక కూడా కాసేపు లాగుతుంది. కంట్రోలర్‌లో ఆ ఆలస్యాన్ని మార్చే వీలుంటే కొంచెం కొంచెంగా తగ్గించండి, మరీ తగ్గిస్తే మెల్లగా తొక్కేటప్పుడు మోటారు ఆగి ఆగి వస్తుంది. అసలు మందు గేర్ సెన్సర్ పెట్టించడమే, అంతవరకు బ్రేక్ లీవర్‌లో స్విచ్ ఉంటే ఆ చిట్కాతో నెట్టుకురండి.

సెన్సర్ బాగున్నా ఠంగుమంటుంటే మీ అలవాటు చూసుకోవాలి. ముందు 34 పళ్లు, 85 న్యూటన్ మీటర్ల మోటారు అనుకోండి. అది పూర్తిగా లాగితే దానివల్లే గొలుసు మీద దాదాపు 125 కిలోల లాగుడు పడుతుంది, మీ కాళ్ళది అదనం. ఇక పళ్లచక్రం పక్కన గొలుసు ఎక్కడానికి చెక్కిన గాళ్ళు చుట్టూ కొన్ని చోట్లే ఉంటాయి, ఆ చోటు వచ్చేదాకా గొలుసు ఆగాలి. వెనక కూడా 34 పళ్ల మీద ఉండి నిమిషానికి 30 చుట్లు ఈడుస్తూ తొక్కితే ఆ చక్రం ఒకసారి తిరగడానికి 2 సెకన్లు పడుతుంది, 75 చుట్లు తొక్కితే 0.8 సెకన్లే. సెన్సర్ మోటారుని ఆపేది సెకనులో చిన్న ముక్క సేపే. ఈడుస్తూ మారిస్తే గొలుసు ఇంకా దారిలో ఉండగానే మోటారు మళ్ళీ లాగేస్తుంది. ఎత్తు మొదలవకముందే, కాళ్ళు చురుగ్గా తిరుగుతుండగా, ఒక్కొక్క గేరే మార్చండి. మూడు గేర్లు ఒకేసారి నొక్కేసి సైకిల్‌ని తిట్టేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు.

మిగతావి

అరుదైనవి కాబట్టి ఒక్క మాటలో చెబుతాను. కిట్ మోటారు బిగింపు రింగు వదులైతే మోటారే ఫ్రేములో కదిలి ఠంగుమంటుంది, చేత్తో పట్టుకుని ఊపితే తెలుస్తుంది. ఏ గేరులో ఉన్నా, గేరు మార్చకపోయినా పెడల్ ఉన్నట్టుండి జారితే వెనక చక్రంలోని ఫ్రీహబ్‌ని (తొక్కడం ఆపినా చక్రం తిరిగేలా చేసే భాగం) విప్పించి చూపించండి. వెనక్కి తొక్కినప్పుడు పెద్ద పళ్లచక్రం నుంచి గొలుసు దిగిపోతుంటే ముందు పళ్లచక్రం మరీ బయటికి ఉంది, లోపలికి వంపు ఎక్కువున్నది వేయించాలి.

ఏది సరిచేసినా పరీక్ష మాత్రం స్టాండ్ మీద కాదు, ముందు ఠంగుమన్న ఆ ఎత్తు మీదే, అదే అసిస్ట్ లెవెల్లో చేయండి.